అంటించినవారూ, ఊడదీసినవారూ

పనసకాయ ముందు కూచునేముందు కత్తిపీటకీ, రెండు చేతులకీ నూనె పట్టించుకోవాలని నాకు పెళ్ళయిన మొదటి వేసవిలో తెలిసింది. ఎవరూ చెప్పగా తెలియలేదు లెండి. మా అత్తగారు చూస్తూ ఊరుకున్నారు. తొనలన్నీ వలిచేసరికి నా పది వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సబ్బు పెట్టి తోమాను. పీచుతో రుద్దాను. కాస్త బూడిద కూడా వేసి చూశాను. బంక నల్లబడింది గాని వదల్లేదు. అప్పుడావిడ నవ్వుకుంటూ వచ్చి, ఓ గరిటెడు కొబ్బరినూనె నా దోసిట్లో పోసి, "బంకతో దెబ్బలాడకూడదమ్మాయ్, బతిమాలుకోవాలి" అన్నారు.

ఆ మాట ఎప్పుడో సముద్రాల అవతల, ఒక పడవ మీద నాకు అక్కరకొస్తుందని ఆవిడా అనుకుని ఉండరు, నేనూ అనుకోలేదు.

మా మరిది అమెరికాలో అన్నాపోలిస్ అనే ఊళ్ళో ఉంటాడు. మేరీలాండ్ రాష్ట్రానికి రాజధాని పేరే గాని చిన్న ఊరు. నౌకాదళానికి ఆఫీసర్లని తయారుచేసే కాలేజీ 1845 నుంచీ అక్కడుంది. చెసపీక్ అఖాతం నీళ్ళు ఊరి వీధుల చివరిదాకా వస్తాయి. మనూళ్ళలో సినిమాహాలు పక్కన సైకిళ్ళు నిలబెట్టినట్టు ఆ ఒడ్డున తెరచాప పడవలు నిలబెట్టి ఉంటాయి. ఇన్ని పడవల మధ్య ఉంటూ మనసు నిలుపుకోవడం కష్టమే కాబోలు, క్రితం ఏడాది నేను అక్కడికి వెళ్ళేసరికి మా మరిది ఇరవై రెండడుగుల పాత పడవ ఒకటి కొని కూచున్నాడు.

"నాకిద్దరు పిల్లలక్కా. ఇది మూడోది. మొదటి ఇద్దరి మీదా కలిపి ఇంత ఖర్చు కాలేదు" అంది మా తోడికోడలు.

దాని జబ్బు ఏమిటంటే, వాన పడితే లోపల పరుపు తడుస్తుంది. పైన డెక్కు మీద తాళ్ళు చుట్టి కట్టడానికి రెండు కొమ్ముల లోహపు ముక్కలుంటాయి. వాటిని క్లీట్లంటారు. కమ్మీలు నిలబెట్టే పీటలు, తాడు లాగే చక్రాలు, ఇలా ఇంకా బోలెడు సామాను బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు కన్నాల చుట్టూ పూసిన బంక ఒకచోట ఎడంగా వచ్చినా చాలు, నీళ్ళు దిగుతాయి. పరుపు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. అసలు భయం వేరే ఉంది. ఇలాంటి పడవల డెక్కు పైనా కిందా ఫైబర్ గ్లాసు, నడుమ బాల్సా అనే తేలిక చెక్క. ఆ నీళ్ళు చెక్కలోకి పాకితే, పైకి నిగనిగలాడుతూనే లోపల చివికిపోతుంది, మన పాత ఇళ్ళలో చెద తిన్న ద్వారబంధంలాగా. అప్పుడిక డెక్కంతా కోసి తీసి మళ్ళీ వెయ్యాలి. దానికయ్యే ఖర్చుతో ఇంకో పాత పడవే వస్తుంది.

అంచేత ఉన్న సామానంతా విప్పి, కన్నాలు ఆరబెట్టి, మళ్ళీ కొత్తగా బిగించాలని మా మరిది సంకల్పం. బోల్టులు వచ్చాయి. సామాను రాలేదు! అంతకుముందు ఆ పడవ ఎవరి చేతిలో ఉండేదోగాని, ఆ మహానుభావుడు ప్రతి ముక్క కిందా తెల్లటి బంక ఒకటి దిట్టంగా పట్టించాడు. పోలీయూరితేన్ జాతిదట. ఆరితే రబ్బరులా గట్టిపడి, ప్రళయం వచ్చినా వదలదు. మా మరిదికి పౌరుషం వచ్చింది. ఉలి తెచ్చాడు, సుత్తి తెచ్చాడు. నాలుగు దెబ్బలకి క్లీటు ఊడింది. దాంతోపాటు రూపాయి బిళ్ళంత డెక్కు తోలు కూడా ఊడొచ్చింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఇంకా పదకొండున్నాయి వదినా" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

నేను బి.ఏ. చదివినదాన్ని. అందులో హిస్టరీ. రసాయనాల సంగతి వచ్చేసరికి నాకు గుడ్లు తేలేస్తాయి. కాని ప్రపంచంలో ఓడలు తిరగడం మొదలెట్టి వేల ఏళ్ళయింది, వాటికి అంటించింది ఎవరో ఒకరు ఊడదీసే ఉంటారు కదా అని మాత్రం తోచింది. నాలుగు రోజులు ఉలి ముట్టుకోనని మా మరిదిచేత ఒట్టు వేయించుకుని, ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను.

చెక్క ఓడ అంటే పలకలు. పలకకీ పలకకీ మధ్య సందు. ఆ సందులో నీరు దిగకుండా నార దట్టించి, పైన ఏదో ఒక బంక పోస్తేనే అది ఓడ. లేకపోతే జల్లెడ. మన మోటుపల్లి సీమ గురించీ, భర్త పోయాక అక్కడ రాజ్యం ఏలిన రాణి గురించీ పదమూడో శతాబ్దం చివర్లో గొప్పగా చెప్పిన మార్కో పోలో ఈ విషయం కూడా వదిలిపెట్టలేదు. చైనా నుంచి మన దేశాలకి వచ్చే ఓడలకి తారు దొరక్క, సున్నమూ, సన్నగా తరిగిన జనపనారా ఒక చెట్టు నూనెలో కలిపి దంచి పూస్తారనీ, అది పక్షుల్ని పట్టే బంకలా పట్టుకుంటుందనీ రాశాడు. చదువుతుంటే నాకు మా పెరట్లో గానుగసున్నం నూరిన రోలు గుర్తొచ్చింది. మన వైపు సున్నానికి తోడు గుగ్గిలమూ, చేపనూనే వాడేవారు. ఐరోపావాళ్ళకి స్వీడన్, ఫిన్లాండ్ అడవుల్లో దేవదారు మొద్దులు కాల్చి తీసిన తారు. అక్కడి నావికుడికి ముద్దుపేరే 'జాక్ టార్' అయి కూచుంది. బట్టలకీ, చేతులకీ, జుట్టుకీ తారే మరి.

ఇక్కడ నాకు బోధపడిన సంగతి ఒకటుంది. ఆ పాత బంకలేవీ శాశ్వతం కాదు. కావాలని ఎవరూ అనుకోనూ లేదు. ఎండకి ఎండి, నీటికి నాని, ఏడాదికో రెండేళ్ళకో పెళుసెక్కుతాయి. అప్పుడు ఓడని ఒడ్డుకి లాగి, ఒక పక్కకి వొరిగించి, పాతదంతా తీసేసి కొత్తది పూసేవారు. సంక్రాంతికి గోడలకి వెల్ల వేసినంత మామూలు పని. తీయడానికి వాళ్ళ దగ్గరున్న ఉపాయం మంట! ఎండుగడ్డీ, ముళ్ళకంపా దివిటీల్లా కట్టి, ఓడ అడుగున మెల్లిగా మంట చూపిస్తూ పోయేవారు. పాత తారు కరిగి మెత్తబడేది. దానికి అతుక్కున్న పాచీ, గుల్లలూ కూడా మాడి రాలేవి. వెంటనే గీకేవారు. చెక్క ఓడకి తారు పూసి, దానికి నిప్పు పెట్టడం! ఎంత నేర్పు కావాలో, ఎంత గుండె కావాలో ఆలోచించండి. మంట ఒక్క నిమిషం ఎక్కువ నిలిస్తే ఓడే పోతుంది.

ఆ గుల్లల సంగతి వచ్చింది గనక ఒక్క మాట. మనుషులు చేసిన బంకలన్నీ ఒక ఎత్తు, సముద్రంలో బార్నకిల్ అనే ఆ వేలిగోరంత గుల్లపురుగు చేసే బంక ఒక ఎత్తు. తడి మీద అంటుకుంటుంది, ఉప్పునీట్లో గట్టిపడుతుంది, పురుగు చచ్చినా గుల్ల వదలదు. వీటి బాధ పడలేక ఇంగ్లీషు నౌకాదళం 1761లో 'అలారం' అనే యుద్ధనౌక అడుగున రాగిరేకులు కొట్టించి చూసింది. గుల్లలు రాలేదు గాని, రేకులు పట్టిన ఇనప మేకులు ఉప్పునీట్లో రాగి తగిలి తినేసినట్టయిపోయాయి. డార్విన్ మహాశయుడైతే 1846 నుంచి ఎనిమిదేళ్ళు ఈ గుల్లలతోనే కాపురం చేశాడు. వాళ్ళ పిల్లల్లో ఒకడు పక్కింటికి వెళ్ళి, ఆ ఇంటాయన గుల్లలు ఎక్కడ కూచుని చూసుకుంటారని అడిగాడట. నాన్నలందరి ఉద్యోగమూ అదే అనుకున్నాడు పాపం.

చదువుతూ చదువుతూ మా ఊరివైపు కూడా వచ్చాను. మాది కాకినాడ. కోరంగి మాకు కూతవేటు. చిన్నప్పుడు ఆ పేరు వింటే మడ అడవులూ, దోమలూ గుర్తొచ్చేవిగాని, ఓడలు గుర్తొచ్చేవి కావు. కాని ఒకప్పుడు ఈ తీరానికంతటికీ ఓడలు కట్టేదీ, బాగుచేసేదీ కోరంగి. 1802 నాటికి ఎబెనేజర్ రోబక్ అనే దొర బోలెడు డబ్బుపోసి అక్కడ ఓడల మరమ్మతుకి డాకు కట్టించాడు. అంతకు నూరేళ్ళకి పైగా ముందే, 1670ల్లో, థామస్ బౌరీ అనే నావికుడు మన నరసాపురం, మాధవాయిపాలెంలలో ఓడలు కట్టే పనివాళ్ళ నేర్పు గురించి రాశాడు. (ఆ మాధవాయిపాలేన్నే తెల్లవాళ్ళు మడపొల్లం చేసేశారు. ఆ పేరు మీద అక్కడి నూలుబట్ట ఇంగ్లండు దాకా వెళ్ళింది. మనకి బట్ట పేరు తెలిసినంతగా ఓడల సంగతి తెలియకపోవడం చిత్రం.) బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందర్నీ, ఏ ఊరివాళ్ళయినా సరే, 'కోరంగీలు' అనే పిలిచారంటే ఆ రేవు ఎంతటిదో ఊహించుకోండి. 1839లో వచ్చిన తుఫాను, ఉప్పెనా దాన్ని ఊడ్చేశాయి. నది మేట వేసి మిగిలింది కూడా పూడ్చింది. ఆ చుట్టుపక్కల తాళ్ళరేవులో చేపల పడవలు కట్టే వడ్రంగుల చేతిలో మాత్రం ఆ విద్య నిలిచింది.

ఇంతవరకూ చదివి బాగానే ఉందనుకున్నాను. కాని సందుల్లో దట్టించే ఆ నార ఎక్కణ్ణుంచి వచ్చేదో చూద్దామని పేజీ తిప్పాను. అక్కడ ఆగిపోయాను.

ఇంగ్లీషువాళ్ళ నౌకాదళంలో నార కొత్తది కాదు. పాత ఓడతాళ్ళు. ఏళ్ళ తరబడి తారులో నాని, ఉప్పుతో బిగిసి, చెయ్యి మణికట్టంత లావుండి, కర్రలా గట్టిపడిన తాళ్ళు. వాటిని జానెడు ముక్కలుగా నరికి, పురి విప్పి, పేట విడదీసి, చివరికి పోగు పోగుగా పీకితే వచ్చే మెత్తటి నారని 'ఓకమ్' అంటారు. దానికి కొత్త తారు పట్టించి ఓడల సందుల్లో కొట్టేవారు. మరి ఆ తారుబంకలోంచి పోగులు విడదీసింది ఎవరు? మిషన్లు కాదు. నావికులు కొంత చేశారు. కాని ఎక్కువ భాగం జైళ్ళలో ఖైదీలూ, బీదల శాలల్లో ఉన్న వాళ్ళూ. అంటే ముసలివాళ్ళూ, దిక్కులేని వితంతువులూ, పెళ్ళికాకుండా తల్లులయిన ఆడపిల్లలూ, పసివాళ్ళూనూ. గోళ్ళతో.

1834లో అక్కడ కొత్త బీదల చట్టం వచ్చింది. తిండి పెట్టి నీడ ఇవ్వాలంటే పని చెయ్యాలి, ఆ పని మళ్ళీ ఎవరూ అక్కడికి రావాలనుకోనంత దుర్భరంగా ఉండాలి, ఇదీ వాళ్ళ నీతి. దానికి ఓకమ్ పీకడం సరిగ్గా సరిపోయింది. నేర్పు అక్కర్లేదు, పనిముట్టు అక్కర్లేదు, కూచోబెట్టి తాడు పారేస్తే చాలు. డికెన్స్ నవలలో తొమ్మిదేళ్ళ ఆలివర్ ట్విస్టుకి పెద్దలు 'పనికొచ్చే విద్య' అని నిర్ణయించింది ఇదే. కాలేజీలో ఆ నవల చదివాను. పరీక్షకి నోట్సు కూడా రాశాను. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగిన గుర్తు లేదు నాకు. ఏదో పాత ఇంగ్లీషు మాట, దాటేశాను.

లెక్కలు కూడా ఉన్నాయి. 1882లో వచ్చిన నిబంధనల్లో, దారిన పోతూ బీదల శాలలో తలదాచుకున్న మగవాడు రోజుకి 4 పౌన్ల తాడు పీకాలి. ఆడదయితే 2 పౌన్లు. అంటే మన లెక్కలో కిలోకి వంద గ్రాములు తక్కువ. ముందే సుత్తితో మోది మెత్తబరిచిన తాడయితే ఇద్దరికీ రెట్టింపు. కిలో నార ఎంతని మీకనిపించవచ్చు. దూదిలా తేలిగ్గా ఉండే పోగులు కిలో బరువు తూగాలంటే ఎంత పోగుపడాలో, దిండ్లలో దూది కూరిన వాళ్ళకి నేను చెప్పాలా!

లండన్‌లో కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అనే జైలుని చూసి 1862లో హెన్రీ మేహ్యూ పుస్తకం రాశాడు. ఒక్క హాల్లో ఐదు వందల మంది దాకా ఖైదీలు వరసగా బల్లల మీద కూచుని ఓకమ్ పీకేవారట. మాట్లాడకూడదు. పక్కకి చూడకూడదు. మోకాలికి ఒక ఇనప కొక్కెం కట్టుకుని, దానికి తాడుపురి తగిలించి విప్పేవారు. తరవాత అరచేతుల మధ్యా, వేళ్ళ మధ్యా పెట్టి నలిపి నలిపి పోగు లాగేవారు. తారు గోళ్ళ కిందకి దిగి, వేలికొసలు పగిలి నెత్తురొచ్చేది. 1895లో శిక్ష పడ్డ ఆస్కార్ వైల్డ్ చేత కూడా ఇదే పని చేయించారు. అంతటి రచయిత వేళ్ళు అలా అయినందుకు లోకం బాధపడింది, న్యాయమే. కాని ఆయనకి ముందు ఎన్ని వేల మంది ఆడవాళ్ళ వేళ్ళు ఆ తాడు మీద అరిగాయో! వాళ్ళలో ఒక్కరి పేరు నాకా పుస్తకాల్లో దొరకలేదు. ప్రపంచమంతా ఏలిన నౌకాదళం నీళ్ళలో మునగకుండా పలక పలకకీ మధ్య ఉన్నది వాళ్ళు పీకిన నారే.

అంటించినవాళ్ళ పేర్లు మటుకు వరసగా ఉన్నాయి సుమండీ. 1842లో ఆల్‌ఫ్రెడ్ జెఫ్రీ అనే ఇంగ్లీషాయన 'మెరైన్ గ్లూ' అని పేటెంటు తీసుకున్నాడు. రబ్బరుని బొగ్గునూనెలో కరిగించి, అందులో లక్క కలిపాడు. లక్కంటే మన లక్కే. చోటానాగపూర్ అడవుల్లో గిరిజనులు పుల్లల మీంచి గీకి తీసే లక్క. పాండవుల లక్కయిల్లు దగ్గర్నుంచి ఏటికొప్పాక లక్కపిడతల దాకా మనకి తెలిసిందే. ఆ తరవాత 1937లో జర్మనీలో ఆటో బేయర్ పోలీయూరితేన్లకి దారి తీశాడు. 1946లో స్విట్జర్లాండ్ నుంచి అరల్డైట్ వచ్చింది. పగిలిన పింగాణీ కప్పు పిడి దగ్గర్నుంచి మావారి కళ్ళజోడు దాకా మా ఇంట్లో దానికి ఋణపడనిది లేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పడవలు ఫైబర్ గ్లాసువి వచ్చాయి. పలకలు లేవు, సందుల్లేవు, నార లేదు. అతుకు లేని కుండలాంటి పడవ. ఇక నీరు దిగాలంటే బోల్టు కన్నాలే దిక్కు. వాటికి ఇలాంటి వదలని బంక పూసేసి, నిశ్చింతగా ఉన్నారు.

ఎన్నాళ్ళు? లోహం లోహమే, ప్లాస్టిక్ ప్లాస్టిక్కే. ఎండకి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. తాడు లాగిన ప్రతిసారీ క్లీటు ఓ వెంట్రుకవాసి కదులుతుంది. ఎంత గొప్ప బంకయినా ఎక్కడో ఓ అంచు వదులుతుంది. మిగతాదంతా మాత్రం వదలదు. నీరు దిగడానికి సరిపడా ఊడుతుంది, బాగుచెయ్యడానికి సరిపడా ఊడదు. పాతకాలపు వడ్రంగి మళ్ళీ తానే విప్పాలని తెలిసి తారు పూశాడు. కొత్త బంక చేసినవాడికి మా మరిది గొడవ పట్టలేదు.

అయిదో రోజు ఉదయం పడవ దగ్గరికి నేనూ వెళ్ళాను. మా మరిది ఉలి తేలేదు. దానికి బదులు సీసా నిండా ఎసిటోన్ తెచ్చాడు. గోళ్ళరంగు తుడుచుకునే మందు వాసన చూస్తూనే గుర్తుపట్టాను. తడిగా ఉన్న బంకని అది తుడుస్తుందేమోగాని, ఏళ్ళకిందట ఆరిన దాన్ని ఏమీ చెయ్యలేదు. పైపెచ్చు ఆ పక్కనే ఉన్న ప్లాస్టిక్ కిటికీ మీద పడితే అద్దమంతా సన్నటి పగుళ్ళతో మసకబారుతుంది. "మూత పెట్టు నాయనా" అన్నాను.

మేం చేసిందేమిటంటే, మా తోడికోడలు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చింది. క్లీటుకి పట్టించి వేడి గాలి ఊదాం. లోహం వేడిని కిందకి దింపుతుంది, బంక మెల్లిగా మెత్తబడుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు, పొగ రాకూడదు. ఓడ కింద గడ్డిమంట పెట్టినవాళ్ళకీ ఇదే లెక్క. అప్పుడు పిల్లవాడి గిటారు నుంచి విప్పిన సన్నటి ఉక్కుతీగ తీసుకుని, రెండు చివర్లకీ రెండు కర్రముక్కలు కట్టాం. క్లీటు కిందకి దూర్చి, అటూ ఇటూ రంపంలా లాగాలి. మనం చిన్నప్పుడు బట్టల సబ్బు బారుని దారంతో కోసేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే. పైకి ఎత్తకూడదు. పైకి లాగిన కొద్దీ డెక్కు తోలు పట్టుకుని వస్తుంది. అడ్డంగా కొయ్యాలి. చల్లారగానే ఆపి మళ్ళీ వేడి చెయ్యాలి.

మొదటి దానికి నలభై నిమిషాలు పట్టింది. మా మరిది మధ్యలో రెండుసార్లు, "ఒక్క దెబ్బ కొట్టనా వదినా?" అన్నాడు. వాళ్ళావిడ వాడి చేతిలోంచి తీగ లాక్కుంది. ఆ పిల్ల పెళ్ళికిముందు కుట్లూ అల్లికలూ బాగా చేసేదిట. దాని చేతిలో తీగ ఒక్క తీరున నడిచింది. ఉన్నట్టుండి క్లీటు తనంత తానే అరచేతిలోకి జారింది. కింద డెక్కు తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. మొగుడి వంక చూసిందిగాని, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది వాడికి!

ఆరు రోజులు పట్టింది పదకొండింటికీ. డెక్కుకి మిగిలిన బంకని ప్లాస్టిక్ చెక్కలతో గీకాం. పాత బ్యాంకు కార్డులు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఊడిన లోహపు ముక్కలకి అంటుకున్నదాన్ని, ఆ జాతి బంకని మెత్తబరిచే మందొకటి అక్కడ అమ్ముతారు, అది చల్లి, ఓ రాత్రి కప్పి ఉంచి, పొద్దున్నే వేలితో దొర్లించాం. కన్నాల మూలల్లో మిగిలింది మాత్రం గోళ్ళతోనే. డెక్కు మీద బాసింపట్టు వేసుకుని కూచుని, మోకాలి మీద క్లీటు పెట్టుకుని, తెల్లటి పోగులు ఒక్కొక్కటే పీకుతూ ఉంటే నాకు కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ హాలు కళ్ళకి కట్టింది. మేం కబుర్లు చెప్పుకుంటున్నాం. నడుమ కాఫీ తాగాం. విసుగొచ్చినప్పుడు లేచి ఒడ్డున నాలుగడుగులు వేసి వస్తున్నాం. రెండు గంటలకే నా బొటనవేలు మండింది. ఆ తాళ్ళ కథంతా మా తోడికోడలికి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "వాళ్ళని మాట్లాడుకోనిస్తే ఏం పోయేదక్కా?" అంది.

దానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

రూపాయి బిళ్ళంత గాయానికి రంగు కలిపిన లప్పం పూసి మాన్పించాడు మా మరిది. తేడా తెలుస్తుంది, తెలియనీయండి. ఆరిన కన్నాల్లో చెక్క ఒక్కచోట తప్ప గట్టిగానే ఉంది. ఆ ఒక్కచోటా తవ్వి తీసి నింపాడు. మళ్ళీ బిగించడానికి ఏ బంక వాడాలనే ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నా వంకే చూశారు, నేనేదో తాళ్ళరేవు వడ్రంగి మేస్త్రీని అయినట్టు. దుకాణంలో బ్యుటైల్ టేపు అని బూడిదరంగు చుట్ట ఒకటి దొరుకుతుంది. అది ఎన్నాళ్ళకీ గట్టిపడదు. చపాతీ పిండిలా చేతిలో నలిపి, బోల్టు మెడకి వత్తిలా చుట్టి, బిగిస్తే అంచులవెంట పైకి ఉబుకుతుంది. ఉబికినదాన్ని కోసెయ్యడమే. అవసరమైతే ఇంకో పదేళ్ళకి తీగతోనో, వేడితోనో సులువుగా విప్పుకోవచ్చు. మా మరిది బిగిస్తుంటే నేను వత్తులు చేసి అందించాను. కార్తీకమాసానికి నూటొక్క వత్తులు చేసుకున్న చేతులు కదా, తడబడలేదు.

నేను బయలుదేరడానికి రెండు రోజుల ముందు రాత్రి ఉరుములూ మెరుపులతో వాన పట్టుకుంది. భోజనాలు కాగానే మా మరిది టార్చి లైటు తీసుకుని, గొడుగు కూడా మరిచిపోయి పరిగెత్తాడు. గంటకి తలంతా తడిసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పరుపు?" అంది వాళ్ళావిడ.

"పొడిగా ఉంది. రెండు చేతులూ ఆనించి మరీ చూశాను."

ఆ రెండు చేతులకీ ఇంకా బూడిదరంగు బంక ఉంది. మా వేళ్ళకీ ఉంది. తోడికోడలు వంటింట్లోకి వెళ్ళి ఓ గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి బల్ల మీద పెట్టింది. వాన చప్పుడు వింటూ ముగ్గురం చుట్టూ కూచుని వేళ్ళు రుద్దుకోవడం మొదలెట్టాం.